చల్లని చోట ఉంచవలెను

‘నేను తినలేదు’ అని ఒక మనిషి చెప్పినప్పుడు, ఆ మాటను నమ్మడానికి నాకు ఇంకా ఏం కావాలి?

ఆ వేసవి నుంచి ఈ ప్రశ్నను నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. తెలియడానికీ నమ్మడానికీ మధ్య ఉన్న ఎడం గురించి పుస్తకాలు చాలానే చదివాను. ఏది సాక్ష్యం, ఏది అనుమానం, ఏది కేవలం అలవాటు అన్న విచారణలో ఎన్నో సాయంత్రాలు గడిపాను. కానీ మా వంటగదిలో, మా బల్ల దగ్గర, నాకు ఎదురుగా కూర్చుని భోంచేసే మనిషి ఒక చిన్న మాట చెబితే దాన్ని ఏ అరలో పెట్టాలో ఆ పుస్తకాల్లో లేదు.

మా ఇంట్లో ముగ్గురం. నేను కళ్ళజోళ్ల దుకాణంలో, వెనక గదిలో కూర్చుని అద్దాలు అరగదీస్తాను. నా భార్య ఒక పెద్ద కిరాణా కొట్టులో ఫ్రీజర్ సరుకుల విభాగం చూస్తుంది. ఆమె తండ్రి, అంటే మా మామగారు, పనిచేసినంత కాలం ఐసు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైనవారు. ఆయనకు షుగరు ఉంది. పొద్దునా సాయంత్రమూ ఇన్సులిన్ వేసుకోవాలి.

ఎండలు ఇంకా ముదరక ముందే నా భార్య ఆ ప్యాకెట్లు తెచ్చింది. బస్సు ఆలస్యమై, ఇంటికి చేరేసరికి వాటి అట్టలు చెమర్చి మెత్తబడ్డాయి. లోపల, పల్చటి ప్లాస్టిక్ తొట్టిలో, నల్లటి అంచుతో గుండ్రటి ముక్కలు వరసగా పడుకుని ఉన్నాయి.

“ఏమిటమ్మా ఇవి, చుట్టలా?” అన్నారు మామగారు.

“కింబాప్ నాన్నా. కొరియావాళ్ల తిండి. మా కొట్లో పెట్టిన పూటైనా ఆగటం లేదు, జనం ఎగబడుతున్నారు. ఇవి నేను ముందే పక్కన పెట్టించాను.”

“లోపల ఏముంటుంది?”

“అన్నం.”

“అన్నానికి ఎగబడుతున్నారా? మన వంటింట్లో రోజూ ఉంటుంది. ఒక్కడూ రాడే.”

ఆమె అట్ట వెనక బొమ్మలు చూసి, ప్లాస్టిక్ పొర ఒక మూల చించి, మైక్రోవేవ్‌లో పెట్టింది. తీసేసరికి సగం ముక్కలు విడిపోయాయి. దారిలో కరిగినందువల్ల అన్నం పట్టు వదిలేసిందని ఆమే చెప్పింది. మిగిలినవి మూడు పళ్లాల్లో సర్దింది. క్యారెట్, ఆకుకూర, పసుపుపచ్చటి ముల్లంగి ముక్క, అన్నిటి చుట్టూ అన్నం, అన్నం చుట్టూ నల్లటి పొర. మామగారు ఆ పొరను గోటితో జాగ్రత్తగా ఒలుస్తున్నారు.

“ఈ కార్బన్ కాగితం తీసి తినాలా, ఉంచి తినాలా?”

“అది సముద్రపు నాచు నాన్నా. తినేదే.”

“తెలిసింది కాబట్టి పక్కన పెడుతున్నాను.”

నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలారు. మేమిద్దరం ఆయన ముఖం చూస్తున్నాం. “నువ్వుల నూనె,” అన్నారు చివరికి, ఎవరో పాత పరిచయస్థుణ్ణి గుర్తుపట్టినట్టు. ఇంకో ముక్క తీసుకున్నారు. దీనికి నాచు ఒలవలేదు.

నేనూ తిన్నాను. రాయిలా బిగిసి సముద్రాలు దాటిన అన్నం, వేడి తగలగానే తన మెత్తదనాన్ని తిరిగి తెచ్చుకుంది. అది నాకు వింతగా తోచింది. నచ్చింది కూడా.

“రెండే నాన్నా. మిగతావి మాకు,” అంది నా భార్య.

“రెండు ముక్కల కోసం పాపం అంత దూరం నుంచి వచ్చాయా?” అన్నారాయన.

ఆ రోజు నుంచి మా ఇంట్లో వాటి పేరు చుట్టలు. ‘చుట్టలు తెచ్చావా’, ‘చుట్టలు పెట్టనా’ అనుకునేవాళ్లం. నా భార్య వారానికోసారి తెచ్చేది. పని నుంచి వచ్చి పొయ్యి ముట్టించే ఓపిక లేని రోజుల్లో ఆమె ఒకటి తినేది, నేనొకటి తినేవాణ్ణి. ఎవరెన్ని తిన్నారో ఎవరూ చూసుకోలేదు.

మాది పాత ఫ్రిజ్. ఒకటే తలుపు; లోపల పైభాగాన చిన్న ఐసు గది; దాని కింద సన్నటి గూడు. వేసవిలో కొట్టులో పనికి ఊపిరి సలపదని, నా భార్య ఆ కాలానికి సరిపడా ఇన్సులిన్ సీసాలు ఒకేసారి కొని ఆ గూట్లో పెట్టింది. డబ్బా మీద ‘చల్లని చోట ఉంచవలెను’ అని రాసి ఉంది. మా ఇంట్లో అంతకన్నా చల్లని చోటు లేదు.

రెండోసారి తెచ్చిన కింబాప్ ప్యాకెట్లు ఐసు గదిలోనే మెత్తబడుతున్నాయని ఆమె ఫిర్యాదు చేసింది. మామగారు లేచి వెళ్లి, జ్వరం చూసినట్టు ఫ్రిజ్ లోపల అరచెయ్యి ఆనించారు.

“ఇది ఫ్రిజ్జు కాదమ్మా. చెట్టు నీడ.”

“పాతదైపోయింది నాన్నా.”

“పాతదేం కాదు. అడిగేవాడు లేక బద్ధకించింది,” అని లోపలున్న రెగ్యులేటరును ఆ చివరిదాకా తిప్పారు. ఉప్పునీటి తొట్లలో డబ్బాలు దించి, నీటిని దిమ్మలుగా మార్చిన చెయ్యి అది. దిమ్మ నడుమ తెల్లటి మసక మిగిలితే బండి ఎక్కనిచ్చేవారు కాదట. దిమ్మలోంచి చూస్తే అవతలివైపు అక్షరాలు కనబడాలట.

మరునాటికి ప్యాకెట్లు రాళ్లయ్యాయి. మంచినీళ్ల సీసాలో ఐసు పెంకులు తేలాయి. మిట్టమధ్యాహ్నపు ఎండలోంచి వచ్చిన నా భార్య నిలబడే సగం సీసా తాగి, “నువ్వు చల్లగా ఉండాలి నాన్నా,” అంది.

మా భాషలో చల్లదనం దీవెన. చల్లగా ఉండమంటాం. కోపం చల్లారాలంటాం, కడుపు చల్లబడాలంటాం. చలివల్ల ఏదైనా చెడుతుందని హెచ్చరించే మాట నాకు వెంటనే తట్టదు. ఒక్కటి ఉంది. ‘ఒళ్లు చల్లబడింది’ అని ఎవరైనా అంటే మాత్రం అందరం ఉన్నచోటు నుంచి లేచి నిలబడతాం.

ఆ వారంలోనే కొత్తిమీర కట్ట గాజులా మారి, బల్ల మీద పెట్టగానే నల్లబడింది. పెరుగు అంచుల్లో పలుకులు కట్టింది.

“కాస్త ఎక్కువైంది నాన్నా చలి,” అంది నా భార్య.

“ఎక్కువైతే ఏం పోతుందమ్మా? తక్కువైతేనే కదా కంపు.”

 ఎండలు ముదిరాయి. మా ఇంట్లో అందరికీ ఇష్టమైన చోటు ఫ్రిజ్ తలుపు ముందరే అయింది.

*

మామగారి దాహం మొదట ఎండ ఖాతాలో పడింది. ఆయన పక్క దగ్గర పెట్టిన చెంబు తెల్లవారేసరికి ఖాళీ అయ్యేది. తర్వాత చొక్కా భుజాలు వదులయ్యాయి. మీటరులో షుగరు ఎక్కడం మొదలైంది. ఒక రోజు తగ్గి ఆశ పెట్టేది. మరునాడు ఎక్కి కూర్చునేది. డాక్టరు ఫోనులోనే మోతాదు కొంత పెంచాడు. అది ఇంకా ఎక్కింది.

ఒక ఆదివారం భోజనాల దగ్గర నా భార్య గరిటె కింద పెట్టింది.

“నాన్నా, ఇటు చూడు. చుట్టలు తింటున్నావా?”

“నువ్వు పెట్టినప్పుడు తింటున్నాను.”

“నేను పెట్టనప్పుడు?”

“పెట్టనప్పుడు చూస్తున్నాను.”

ఆమెకు నవ్వు వచ్చింది. దాన్ని ఆపుకుని, “నవ్వించకు. ఫ్రిజ్‌లో ప్యాకెట్లు తరుగుతున్నాయి. మీటరు ఎక్కుతోంది. నేను పనికి పోతాను, ఈయన పనికి పోతారు. ఇంట్లో ఎవరుంటారు?” అంది.

“నేనుంటాను.”

“అదే అంటున్నాను.”

“నేను తినలేదు.”

“నా మీద ఒట్టు పెట్టు.”

“ఒట్లు వేయించుకునే వయసు నీది కాదు, వేసే వయసు నాది కాదు. తినలేదన్నాను కదమ్మా.”

ఆమె నా వైపు చూసింది. నేను పళ్లెం వైపు చూశాను. ఆమెది క్రూరత్వం కాదు. కొట్టులో రోజంతా ఆమె చేసే పని అదే: సరుకు తరిగితే, దగ్గరలో ఉన్నదెవరో చూడటం.

మరుసటి సాయంత్రం ఆమె పెట్టెలకు వేసే చిన్న తాళం, ఫ్రిజ్ తలుపుకు అంటించే పట్టీ తెచ్చింది. మామగారు కుర్చీ లాక్కుని, ఆమె పట్టీ బిగిస్తున్నంతసేపూ పక్కనే కూర్చుని చూశారు. ఒకసారి స్క్రూడ్రైవరు కూడా అందించారు.

“మంచి తాళమే,” అన్నారు. “మా ఫ్యాక్టరీలో ఐసు గదికి కూడా ఇంత మంచిది వేయలేదు. అక్కడ ఎవరూ ఎత్తుకుపోరని ధైర్యం. మంచినీళ్లు?”

“కుండలో పోశాను నాన్నా.”

“కుండ నీళ్లే మంచివి,” అన్నారాయన.

తాళం చెవి ఆమె చేతిసంచిలోకి వెళ్లింది. ఇన్సులిన్ కూడా తాళం లోపలే ఉంది కాబట్టి ఆ పని కూడా ఆమె చేతికే వచ్చింది. అప్పటిదాకా మామగారు తనే వేసుకునేవారు. ఇక పొద్దున పనికి వెళ్లేముందు, సాయంత్రం రాగానే, ఆమె సీసా తీసేది. డాక్టరు నేర్పినట్టు రెండు అరచేతుల మధ్య దొర్లించేది. ఆయన పొట్ట మీద దూదితో తుడిచి, నొప్పి తెలియకుండా వేసి, ఆ చోట కాసేపు వేలు ఆనించి ఉంచేది. 

తాళం వేసిన తర్వాత కూడా షుగరు ఎక్కింది.

అప్పుడైనా మేం ఆగి ఆలోచించి ఉండవచ్చు. కానీ ఒక అనుమానం ఇంట్లోకి వచ్చాక, దానికి ఎదురొచ్చిన ప్రతి విషయమూ దాని పక్షానే నిలబడుతుంది. ఫ్రిజ్‌కు తాళం ఉంది, అయినా ఎక్కుతోంది. అంటే బయట తింటున్నాడు. నా భార్య ఆయన సాయంత్రపు నడక మాన్పించింది. అప్పటికే ఆ నడకల్లో చెప్పు ఒరిసి కాలి వేలి మీద పొక్కు లేచింది. అది చితికి, పుండై, అంచులు నల్లబడసాగింది.

ఒక సాయంత్రం మెట్ల మీద కూర్చుని ఉన్నాం. వీధిలో పిల్లలు బంతాట ఆడుకుంటున్నారు. మామగారు కట్టు కట్టిన కాలిని కింది మెట్టు మీద చాపి పెట్టుకున్నారు.

“మీరు పుస్తకాలు చదువుతారు కదా అల్లుడుగారూ. తినని మనిషి తినలేదని ఎలా రుజువు చేసుకోవాలి?”

“లేనిదాన్ని రుజువు చేయడం కష్టం మామయ్యగారూ.”

“అదే నేనూ అనుకుంటున్నాను. తిని ఉంటే తేలిగ్గా ఉండేది. మూతి చూపించేవాణ్ణి.” కొంచెంసేపు బంతిని చూశారు. “పోనీ, మీరేమనుకుంటున్నారు?”

“నాకు తెలియదు,” అన్నాను.

“నిజాయితీగా చెప్పారు,” అన్నారాయన. ఆ మాట నాకు మెచ్చుకోలులా వినబడలేదు.

*

డాక్టరు కట్టు విప్పి చూశాడు. వేలి చివర పెన్ను మొనతో తాకి, “తెలుస్తోందా?” అని అడిగాడు. “ఏ వేలు?” అన్నారు మామగారు.

“అలవాట్లేమైనా ఉన్నాయా?” అన్నాడు డాక్టరు నా భార్యతో.

“చుట్టలండీ,” అంది ఆమె, అలసటలో, ఇంట్లో అన్నట్టే. “మానమంటే మానడు. తాళం వేసినా ఎక్కణ్ణించో సంపాదిస్తున్నాడు.”

డాక్టరు కలం ఆగింది. “ఈ కాలు పెట్టుకుని చుట్టలా? రోజుకెన్ని కాలుస్తారు?”

“కాల్చం డాక్టరుగారూ,” అన్నారు మామగారు. “మైక్రోవేవ్‌లో పెడతాం. మొదట్లో నాచు ఒలిచేసేవాణ్ణి. ఇప్పుడు దాంతోనే తింటాను.”

డాక్టరు నా వైపు తిరిగి, గొంతు తగ్గించి, “ఈయనకు మతి స్థిమితంగానే ఉంటోందా?” అన్నాడు.

నా భార్య నవ్వింది. మామగారూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ గదిలో అంతసేపు నవ్వడం తగదని తెలిసినా ఆగలేకపోయాం. ఆమె నవ్వు ఏ క్షణంలో ఏడుపుగా మారిందో నేను గమనించలేదు. తలెత్తి చూసేసరికి కొంగుతో ముఖం కప్పుకుని ఉంది. చుట్టలంటే ఏమిటో నేనే వివరించాను.

“ఎవరు చుట్టినా అన్నం అన్నమే,” అన్నాడు డాక్టరు. “పెద్దాయనా, నాతో దాచకండి. తింటున్నారా?”

“నేను మానేశానండీ.” మామగారు కాలివైపు చూపించారు. “ఇదే మానటం లేదు.”

ఈసారి ఎవరూ నవ్వలేదు.

“మోతాదు మళ్లీ పెంచుతున్నాను,” అన్నాడు డాక్టరు. “ఇది చాలా ఎక్కువ. మీరు తింటున్నారనే ఉద్దేశంతో రాస్తున్నాను. నిజంగా తినని మనిషికి ఇంత మందు పడితే ఒళ్లు చల్లబడి, నిద్రలోనే పోతాడు. అందుకే అడుగుతున్నాను. తింటున్నారా, లేదా?”

“లేదండీ.”

డాక్టరు నా భార్య వైపు చూశాడు. ఆమె నమ్మొద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. అతడు రాశాడు.

“ఈ వారం చూద్దాం. తగ్గకపోతే వేలు తీయాలి. వేలితో ఆగితే మంచిదే.”

బండిలో వస్తూ మామగారు, “వేలు పోతే చెప్పు వదులవుతుంది,” అన్నారు. నా భార్య కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఆమె భుజం మీద చెయ్యి వేద్దామని ఆయన చాపిన చెయ్యి సగం దూరంలో ఆగి, సీటు అంచు పట్టుకుంది.

*

మోతాదు పెంచాక మామగారు మధ్యాహ్నాలు కూడా నిద్రపోవడం మొదలుపెట్టారు. మాట మధ్యలో ఆగి, ఏం చెబుతున్నారో మరిచిపోయేవారు. కట్టు మార్చేటప్పుడు వచ్చే వాసన, కిటికీలన్నీ తెరిచినా పోయేది కాదు. మీటరు కిందికి రాలేదు.

వారం పూర్తికావస్తోంది. ఆ సాయంత్రం దుకాణం నుంచి త్వరగా వచ్చాను. దీపాలు ఇంకా వేయలేదు. నా భార్య ఫోను చేసింది.

“కొట్లో సరుకు సరిచూస్తున్నారు, నన్ను వదలట్లేదు. నాన్న మందు నిండుకుంది.”

మా ఇళ్లలో ఏదీ అయిపోయిందని అనరు. నిండుకుందంటారు.

“పొద్దున వేశాక అడుగున కాస్త మిగిలింది, అది చాలదు. మందుల కొట్టువాళ్లకు చెప్పాను, కొత్త సీసా ఇంటికే పంపుతారు. ఇవాళ మీరే వేయాలి.”

“నాకు చేతకాదే.”

“అద్దం మీద వెంట్రుకంత గీత ఉంటే పట్టుకుంటారు, సిరంజి మీద గీతలు కనబడవా? డాక్టరు రాసినంత లాగండి. వేశాక అన్నం పెట్టండి. ఫ్రిజ్ తాళం నా దగ్గరే ఉంది, కొత్త సీసా బయటే ఉంచండి, నేను వచ్చి లోపల పెడతాను. మీ తత్వం ఇప్పుడు మొదలుపెట్టకండి.”

కొత్త సీసా వచ్చింది. మామగారు కిటికీ పక్క కుర్చీలో కూర్చుని చొక్కా పైకి మడిచి సిద్ధంగా ఉన్నారు. నేను సీసాను అరచేతుల మధ్య దొర్లించాను. అడుగున పేరుకున్న తెలుపు లేచి, మొత్తం పాలలా కలిసిపోయింది. డాక్టరు రాసిన గీత దాకా లాగాను. అది సిరంజిలో దాదాపు చివరి గీత.

పొద్దున అడుగంటిన సీసా మందుల పళ్లెంలోనే ఉండిపోయింది. చేతిలోకి వచ్చిన గాజును వెలుతురుకు పట్టి చూడటం నా వృత్తిలో పడిన అలవాటు. దానికి కారణం అక్కర్లేదు. ఆ సీసాను కూడా దొర్లించి కిటికీకి ఎత్తిపట్టాను. అడుగున మిగిలిన మందు పాలలా కాలేదు. నీళ్లు నీళ్లుగానే ఉంది. గోడలకు తెల్లటి నూక అంటుకుని ఉంది. గాజుకు మసక బయట ఉంటే తుడిస్తే పోతుంది. చొక్కా అంచుతో తుడిచాను. పోలేదు. మళ్లీ దొర్లించాను. నూక కదలలేదు.

“ఏం అల్లుడుగారూ, సీసాకు కళ్ళజోడు చేస్తున్నారా?” అన్నారు మామగారు.

“ఒకసారి ఇది చూడండి.”

ఆయన సీసాను రెండు వేళ్లతో పట్టుకుని వెలుతురుకు తిప్పారు. మగత అంతా ఆ ముఖంలోంచి తప్పుకుంది. ఒక దిమ్మను బండి ఎక్కనివ్వాలా వద్దా అని చూసే చూపు అది కాబోలు.

“ఇది గడ్డకట్టింది,” అన్నారు. “గడ్డకట్టి, కరిగి, మళ్లీ గడ్డకట్టింది. చాలాసార్లు. దీన్ని ఎక్కడ పెట్టారు?”

“ఫ్రిజ్‌లోనే. ఐసు గది కింద గూట్లో.”

“అక్కడెందుకు కడుతుంది? రెగ్యులేటరు ఆ చివరికి తిప్పి వదిలేస్తే తప్ప...”

ఆయన సీసా పట్టుకున్న తన చేతివైపే చూసుకున్నారు.

వీధిలో ఎవరో బండి స్టార్టు చేయడానికి తంటాలు పడుతున్నారు. అది రెండు మూడుసార్లు దగ్గి ఊరుకుంది. నా చేతిలో సిరంజి అలాగే ఉంది. అందులోని మోతాదు నా కళ్లముందే అర్థం మారిపోయింది. అది ఈయనకు రాసినది కాదు. చాటుగా తింటున్న ఒక మనిషికి, పనిచేస్తున్న మందు వాడుతున్న మనిషికి రాసినది. అలాంటి మనిషి మా ఇంట్లో లేడు. వేసవి పొడుగునా రోజుకు రెండు పూటలా మేం ఈయనకు ఎక్కించింది నీళ్లు. ఇప్పుడు నా చేతిలో ఉన్నది మందు.

“వేయకండి,” అన్నారు మామగారు, నెమ్మదిగా.

“వేయను. డాక్టరు దగ్గరికి వెళదాం. ముందు అమ్మాయికి ఫోను చేస్తాను.”

“ఆగండి.” ఆయన సీసాను పళ్లెంలో పెట్టారు, చప్పుడు కాకుండా. “తిన్నానని చెబుతాను.”

“ఏమిటి?”

“ఇన్నాళ్లూ చాటుగా తిన్నానని, ఇవాళ్టి నుంచి మానేశానని చెబుతాను. అలా చెబితే డాక్టరు మోతాదు తగ్గిస్తాడు కదా. రెగ్యులేటరును నేను వెనక్కి తిప్పేస్తాను, తాళం తీసినప్పుడు. పని అయిపోతుంది. అమ్మాయి నమ్ముతుంది. మొదటినుంచీ అదే నమ్ముతోంది.”

“మామయ్యగారూ, మీరు తినలేదు.”

“దొంగతిండి తిన్న ముసలాడంటే పిల్ల రెండు రోజులు కోప్పడి ఊరుకుంటుంది. బతుకంతా ఐసు చేసినవాడికి, చలి ఏం చేస్తుందో తెలియక, తన మందు తనే...” పొట్ట మీది చొక్కాను కిందికి లాక్కున్నారు. వేళ్లు బొత్తాం దొరకక తడుముకున్నాయి. “ఆ మాట దాని నోట వినలేనండి. మీకు దణ్ణం పెడతాను. తిన్నాను. నేను తిన్నాను.”

ఆయన నా ముఖంలోకి చూస్తూ చెప్పారు. ‘తినలేదు’ అన్న నిజానికి ఆ వేసవిలో చోటు దొరకలేదు; ఈ అబద్ధానికి మాత్రం మా ఇంట్లో కుర్చీ వేసి ఉంది. ఒప్పుకోవడం ఎంత సులువో నాకు తెలుస్తూనే ఉంది. ఎవరూ ఎవరినీ తప్పుపట్టరు. కూతురి ముందు ఆయన వృత్తి ఆయనకు మిగులుతుంది. కానీ ఆ అబద్ధాన్ని చేతిలో పెట్టుకునే డాక్టరు రేపు ఆ వేలి సంగతి తేలుస్తాడు. ఆ తర్వాతి మోతాదు కూడా మళ్లీ లేని మనిషికే రాస్తాడు. పరువుకూ ప్రాణానికీ మధ్య తూకం వేయడానికి నేనెవరినని ఒక్క క్షణం అనిపించింది. ఆ క్షణం కూడా ఆయనకు లేదని తోచింది.

వాష్‌బేసిన్ దగ్గరికి నడిచి సిరంజిలోని మందంతా వదిలేశాను. రెండు సీసాలనూ రుమాల్లో విడివిడిగా చుట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాను. ఫోను తీసి నంబరు నొక్కాను. మామగారు కిటికీవైపు ముఖం తిప్పుకున్నారు.

“వేశారా?” అంది నా భార్య.

“వేయలేదు. మీ నాన్న తినలేదు.”

“ఏంటి మీరు మళ్లీ...”

“నువ్వు పెట్టినవి తప్ప ఒక్క ముక్క కూడా తినలేదు. మందు గడ్డకట్టి చెడిపోయింది. ఫ్రిజ్ రెగ్యులేటరు ఆయనే తిప్పారు, ఆయనకు తెలియదు, మనకూ తెలియదు. మేం డాక్టరు దగ్గరికి బయలుదేరుతున్నాం. నువ్వు అక్కడికే రా.”

అటునుంచి సరుకు పెట్టెలు జరుపుతున్న చప్పుడు, ఎవరో ఆమెను పిలుస్తున్న గొంతు వినబడ్డాయి. ఫోను చెవికీ భుజానికీ మధ్య అలాగే నొక్కిపెట్టి, నేను నేల మీద కూర్చుని, మామగారి కట్టు ఉన్న కాలిని రెండు చేతులతో ఎత్తి చెప్పు తొడిగాను.